రైలు ఆగిన ఆదివారం

వాగ్భటుడు అష్టాంగహృదయం రాస్తూ, సూత్రస్థానంలో రెండో అధ్యాయాన్నంతా దినచర్యకే కేటాయించాడు. ఆరోగ్యంగా బతకదలచినవాడు బ్రాహ్మీముహూర్తంలో లేవాలట. పళ్ళు తోముకోవడానికి ఏ పుల్ల మంచిదో, కంటికి కాటుక దేనికో, ఒంటికి నూనె ఎందుకు పట్టించాలో, స్నానం ఎప్పుడు కూడదో, అన్నీ వరసగా చెప్పుకొచ్చాడు మహానుభావుడు. ఆ పుల్ల విరిచి తెచ్చేదెవరో, నూనె కాచి పెట్టేదెవరో, స్నానానికి నీళ్ళు తోడేదెవరో మాత్రం చెప్పినట్టు నాకు కనబడలేదు.

ఆయన్ననేం లాభం! మన ఇళ్ళల్లోనే చూడండి. "మా నాన్నగారు గడియారంలా నడుస్తారండీ! ఐదున్నరకు కాఫీ, ఆరింటికి షికారు, ఏడున్నరకు స్నానం, ఎనిమిదింటికి ఫలహారం. నిమిషం అటూ ఇటూ కాదు" అని పిల్లలు గొప్పగా చెప్పుకుంటారు. నిజమే. కాని ఐదున్నరకు కాఫీగ్లాసు ఆయన చేతికి రావాలంటే ఐదింటికి పొయ్యి వెలగాలి. అంతకుముందు రాత్రే ఫిల్టరులో పొడి పడాలి. పాలప్యాకెట్టు గుమ్మంలోంచి లోపలికి రావాలి. గడియారానికి కీ ఇచ్చే చెయ్యి ఒకటుంటుంది. బయటికి కనిపించేవి ముళ్ళు గనక పేరు ముళ్ళకొస్తుంది.

ఇల్లు కదలనంతకాలం ఈ సంగతి ఎవరికీ పట్టదు. ప్రయాణంలో కొంచెం తెలుస్తుంది. ప్రయాణం నట్టనడుమ ఆగిపోయిందనుకోండి, అప్పుడు ఎవరి సుఖంలో ఎవరి వంతు ఎంతో లెక్క తేలిపోతుంది. నా కళ్ళముందు ఆ లెక్క తేలినది 2024 సెప్టెంబరు 1వ తేదీ ఆదివారంనాడు.

ఆ తేదీ చాలామందికి జ్ఞాపకం వుండే వుంటుంది. బుడమేరు పొంగి బెజవాడలో సింగునగరు, ఆ చుట్టుపక్కల పేటలు మునిగిపోయిన రోజు. మర్నాటికి ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇటు మహబూబాబాదు జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల నడుమ వరదనీరు కట్టను కోసేస్తే, కింద మన్నూ కంకరా కొట్టుకుపోయి, పట్టాలు మాత్రం దండెంమీద ఆరవేసిన బట్టల్లా గాలిలో వేలాడాయి. వందలకొద్దీ రైళ్ళు రద్దయ్యాయి. దారిలో వున్నవి ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. అలా నిలిచిన ఒక బండిలో నేనున్నాను.

రాజమండ్రిలో మావారిని ఇంట్లో వదిలి, సికిందరాబాదులో మా అమ్మాయి దగ్గరికి బయలుదేరాను. బెజవాడ దాటేసరికి అర్ధరాత్రి అయింది. రెండున్నర ప్రాంతంలో బండి ఒక చిన్న స్టేషనులో ఆగింది. ఆగిన సంగతి మా బోగీలో మొట్టమొదట కనిపెట్టినది ఆరునెలల చంటిపిల్ల. రెండు బెర్తుల మధ్య చీరతో ఉయ్యాల కట్టి పడుకోబెట్టింది వాళ్ళమ్మ. బండి ఊపుతున్నంతసేపూ హాయిగా నిద్రపోయింది. ఊపు ఆగిందో లేదో, కెవ్వుమంది. ఐదారు గంటల్లోనే ఆ పిల్లకు రైలు అలవాటైపోయింది చూశారా! ఇక అరవైయేళ్ళ అలవాట్లు మోసుకు తిరిగేవాళ్ళ మాట చెప్పాలా?

తెల్లవారుతుండగా గార్డుగారు గొడుగు వేసుకుని వచ్చి కబురు చెప్పారు. ముందు దారి లేదు. వెనక కూడా నీళ్ళే. ఎప్పుడు కదులుతుందో తెలియదు. ఈ కబురు విని ఎవరూ పెద్దగా గాభరా పడలేదు. అసలు గాభరా ఐదున్నరకు మొదలైంది. కాఫీ లేదు!

స్టేషనులో వున్న ఒక్క బడ్డీకొట్టు మూసి వుంది. ఆదివారం, అందులోనూ వాన. మావైపు సీట్లలో ఒక రిటైరైన ఉద్యోగిగారికి పొద్దున్నే పేపరు చదివితేగాని తక్కిన పనులు సాగవట. (ఏ పనులో మీరు ఊహించుకోగలరు.) పాపం, బోగీ ఆ చివరినుంచి ఈ చివరిదాకా పేపరుకోసం వెతికారు. చివరికి ఎవరో ఇడ్లీ చుట్టి తెచ్చుకున్న కాగితం దొరికింది. మూడురోజుల నాటిది, మధ్యలో నూనె మరక. దాన్నే మోకాలిమీద సాపు చేసుకుని, కళ్ళజోడు సవరించుకుని, వాతావరణ సూచనతో సహా చదివారు. తరవాత స్థిమితపడి లేచివెళ్ళారు. ఒక కాలేజీ కుర్రాడు ప్లాటుఫారం రేకుల కింద రోజూ తీసే గుంజీలు తీస్తుంటే, పిల్లలు చుట్టూ చేరి లెక్కపెట్టారు. అరవయ్యోదానికి చప్పట్లు కూడా కొట్టారు.

వీళ్ళందరికంటె నిశ్చింతగా కనిపించినవాడు ఒక ముసలి సాయిబుగారు. వెలుగు రాకముందే సీసాలో తన నీళ్ళతో కాళ్ళూ చేతులూ కడుక్కుని, చిన్న చాప పరుచుకుని నమాజు చేసుకున్నాడు. చాప చుట్టి సంచిలో పెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఆయన ఉదయానికి కావలసిందంతా ఆ సంచిలోనే వుంది. ఒకరు అందించవలసిందేమీ లేదు.

ఐదూ నలభైకి నా సెల్‌ఫోను మోగింది. మావారు. రైలు ఆగిపోయిందని అప్పటికే చెప్పివున్నాను. క్షేమం అడిగారు, అడగలేదని నేననను. ఆ వెంటనే, "ఏమోయ్, డికాక్షనుకు పొడి ఎన్ని చెంచాలు?" అన్నారు. చెప్పాను. పదినిమిషాలకు మళ్ళీ, "నీళ్ళు పైన పొయ్యాలా, కింద పొయ్యాలా?" చెప్పాను. "దిగడంలేదేం?" అంటూ మూడోసారి. నా ఫోనులో చార్జీ పదకొండు పాళ్ళుంది. అమ్మాయికి కబురు చెప్పాలి, అల్లుడు బస్సుల సంగతి కనుక్కుంటానన్నాడు. నా పదకొండు పాళ్ళూ ఫిల్టరులోంచి బొట్టు బొట్టుగా దిగిపోతున్నాయి! ఏడింటికల్లా ఫోను చచ్చిపోయింది. ఆ రోజు ఆయన మజ్జిగలో చక్కెర కలుపుకు తాగారని, అది బాగానే వుందని తరవాత తెలిసింది.

నవ్వుకోవడానికి బాగానే వుంటుంది గాని, ఐదున్నరకు ఒళ్ళు కాఫీ అడగడం వట్టి మొండితనం కాదు. కంటినరాలు ఒకదాన్నొకటి దాటేచోట, దానికి కాస్త పైన, మెదడులో ఇరవైవేల జీవకణాల చిన్న గుంపు ఒకటుంది. అది మన లోపలి గడియారం. సూర్యుణ్ణి చూడకపోయినా ఇంచుమించు 24 గంటల లెక్కన తిరుగుతూనే వుంటుంది. పొద్దుటి వెలుగు పడ్డప్పుడల్లా తన తప్పు దిద్దుకుంటుంది. ఇలాటిదొకటి ప్రాణులలో వుందని మొదట పట్టిచ్చినది ఒక మొక్క. 1729లో ద మెరాన్ అనే ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు, పగలు ఆకులు విప్పి రాత్రి ముడుచుకునే మొక్కనొకదాన్ని చీకట్లో దాచిపెట్టాడు. చీకట్లోనూ అది పగటివేళకు ఆకులు విప్పింది! ఆ గడియారంలోని చక్రాలు ఎలా తిరుగుతాయో పండ్లమీద ముసిరే చిన్న ఈగలలో తేల్చినందుకు హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానం ఇచ్చారు.

ఇంకో విశేషం. గడియారం మెదడులో ఒక్కటే కాదు. కాలేయానికీ పేగులకూ వేరే గడియారాలున్నాయి. వాటికి వెలుగుతో పని లేదు. భోజనవేళలను చూసి అవి సర్దుకుంటాయి. రోజూ ఎనిమిదింటికి తినేవాడి ఒళ్ళు ఎనిమిది కాకముందే ఏర్పాట్లు మొదలుపెడుతుంది, చుట్టాలు వస్తారని తెలిసిన ఇల్లాలిలా. చుట్టాలు రాకపోతే? చాలామందికి చిరాకుతో సరిపోతుంది. కొంతమందికి అంతతో పోదు. అది మా ఎదురు బెర్తులవాళ్ళ దగ్గర చూశాను.

భార్యాభర్తలు. ఆయనకు డెబ్బయ్‌నాలుగు, ఆవిడకు నాలుగైదేళ్ళు తక్కువ. కొడుకు దగ్గరికి వెళుతున్నారు. ఐదున్నరకు ఆయన అలవాటు ప్రకారం ఆవిడ భుజంమీద తట్టారు. ఆవిడ కళ్ళు తెరవకుండానే, "ఆగిపోయిన రైల్లో నేనేం చెయ్యనండీ! పొయ్యి లేదు, పాలు లేవు. ఇవాళ నన్ను పడుకోనివ్వండి" అని దుప్పటి ముఖంమీదికి లాక్కుంది. ఆయన ఒక్క క్షణం నిలబడిపోయారు. తరవాత నావైపు తిరిగి, ఏదో వింత చెబుతున్నట్టు, "పడుకుంటుందిట" అన్నారు. ఆరయింది, ఏడయింది. బయట వాన, లోపల పిల్లల గోల. ఆవిడ మాత్రం కదలకుండా నిద్రపోయింది. పండగ పిండివంటలయ్యాక మా అమ్మ అలా నిద్రపోయేది.

ఏడున్నరకు ఆయన చిన్న ఫ్లాస్కు తీశారు. అందులో ఇన్సులిను. చక్కెరజబ్బు ముప్ఫైయేళ్ళుగా వుందట. సూది తనే పొడుచుకుంటారు, చెయ్యి వణకదు. పొడుచుకుని, దూది అదుముకుని, ఫ్లాస్కు మూతపెట్టి, కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఇడ్లీలవాడెవడైనా వస్తాడని ఆయన ఉద్దేశం కాబోలు. ముప్ఫైయేళ్ళుగా సూది పొడుచుకున్న అరగంటకు పళ్ళెం వచ్చి తీరింది మరి!

ఎనిమిదింబావు ప్రాంతంలో ఆయన నుదురంతా చెమటలు. వాన గాలి చల్లగా వీస్తోంది, నేను చెంగు కప్పుకుని కూర్చున్నాను, ఆయనకు చొక్కా తడిసిపోయింది. "అన్నయ్యగారూ, ఒంట్లో ఎలా వుంది?" అన్నాను. నావంక చూసి, "బస్సు వెళ్ళిపోయిందా?" అన్నారు. చేతులు వణుకుతున్నాయి. పక్క వరుసలో ఒక నర్సు అమ్మాయి వుంది. డ్యూటీకని హైదరాబాదు వెళుతోంది. ఒక్క గంతులో వచ్చి, "తాతగారు ఇన్సులిను తీసుకున్నారా? ఏమన్నా తిన్నారా?" అంది.

ఆ మాటకు ఎదురు బెర్తుమీద దుప్పటి ఎగిరిపడింది. ఆవిడ లేచి కూర్చోవడం, సంచిలో చెయ్యి పెట్టడం, పంచదార పొట్లం బయటికి రావడం ఒక్కసారే జరిగాయి. సంచిలోకి చూడనైనా చూడలేదు. నర్సు అమ్మాయి నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా తాగించింది. "స్పృహ వుంది గనక సరిపోయింది. తప్పినవాళ్ళ నోట్లో ఇలా పొయ్యకూడదండీ, పొరబోతుంది" అని మాకందరికీ చెప్పింది. పావుగంట చూసి తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలట. తేరుకున్నాక బిస్కట్టో, పండో, ఏదైనా కడుపులో పడాలట. బోగీలో ఎవరి సంచుల్లోవి వాళ్ళు తీశారు. సాయిబుగారు రెండు అరటిపళ్ళిచ్చారు.

పావుగంటకు ఆయన మాట తెలివిలోకి వచ్చింది. ఆవిడ మంచినీళ్ళ సీసాతో చెయ్యి కడుక్కుంటూ, కోపంగా కాదు, ఇంటి పద్ధతి చెబుతున్నట్టు నాతో అంది: "సూది ఆయన వంతు, పళ్ళెం నా వంతు అమ్మా. ఆయన వంతు ఆయన ఒక్కరోజు తప్పలేదు."

"నన్ను లేపొచ్చుగా!" అంది ఆయనతో.

"పడుకుంటానన్నావుగా" అన్నారాయన.

ఆవిడేమీ అనలేదు. దుప్పటి మడతపెట్టింది. సాయంత్రందాకా మళ్ళీ నడుం వాల్చలేదు.

తొమ్మిదయ్యేసరికి బోగీ కుళాయిల్లో నీళ్ళు అయిపోయాయి. ఆ తరవాతి ఇబ్బందులు వారపత్రికలో రాసేవి కావు గాని, వాటి బరువు ఆడవాళ్ళమీదా చంటిపిల్లల తల్లులమీదా ఎక్కువ పడిందని మాత్రం చెప్పితీరాలి. పదకొండు దాటాక దగ్గర వూరినుంచి ట్రాక్టరుమీద మనుషులొచ్చారు. గంగాళాల్లో పులిహోర, బిందెలతో నీళ్ళు, చంటిపిల్లలకు వేడివేడి పాలు. ట్రాక్టరు చక్రాలు సగానికి తడిసి వున్నాయి. "మీ వూళ్ళో నీళ్ళు రాలేదా?" అని ఒకావిణ్ణి అడిగాను. "రాకేమమ్మా, పొలాలన్నీ మునిగినయ్. ఇండ్లల్ల గూడ జొచ్చినయ్. రైలు ఆగిందంటె ఎసరు పెట్టినం" అంది, గరిటె ఆపకుండా. వాళ్ళ ఆదివారం మాకంటె ముందే చెదిరిపోయింది. ఆ చెదిరిన ఆదివారంలోంచి మాకు మధ్యాహ్నభోజనం వేళకు దొరికింది. మా రిటైరైన ఉద్యోగిగారు పన్నెండింటికి తినేవారట. గడియారం చూసుకుని, "ఫరవాలేదు, వేళకే వచ్చింది" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఊరుకున్నాను.

పూర్వం ప్రయాణం చేసేవాళ్ళు మనలా టిక్కెట్టొక్కటి పట్టుకుని బయలుదేరేవారు కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారి సంగతి మీకు తెలిసిందే. చెన్నపట్టణం సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. పదిహేను నెలలపైగా ప్రయాణం! వెంట ఇంచుమించు నూరుమంది, గుడారాలు. ఆయన కాశీయాత్రచరిత్ర తిరగవేస్తే, దేవాలయాలూ నదులూ ఎంత కనిపిస్తాయో, ఫలానా మజిలీలో నీళ్ళ వసతి వుందా, అంగళ్ళున్నాయా, సామాను దొరుకుతుందా అనేవి అంత కనిపిస్తాయి. చిన్నప్పుడు అవి విసుగనిపించి పేజీలు తిప్పేసేదాన్ని. ఇప్పుడు ఆ పుస్తకంలో నాకు నచ్చే భాగం అదే. యజమాని జపమూ భోజనమూ వేళకు జరగాలంటే, ఆయనకంటె ముందు నీళ్ళూ కట్టెలూ ఆ మజిలీ చేరాలి. ఆ నూరుమందిలో ఆ పని చేసినవాళ్ళు ఎవరైనా ఒక చరిత్ర రాసివుంటే, అది ఇంకెంత బాగుండునో!

ఈ రోజుల్లో ఆ పరివారం కనిపించదు గనక లేదనుకుంటాం. 2010 ఏప్రిల్ 14న ఐస్‌లాండులో ఒక అగ్నిపర్వతం పేలింది. (దాని పేరు పలకడానికి టీవీవాళ్ళే నీళ్ళు నమిలారు, నేను సాహసించను.) ఆ బూడిదకు యూరపులో ఆరురోజులపాటు చాలా దేశాల ఆకాశం మూతపడింది. లక్ష దాకా విమానాలు రద్దయ్యాయి. చిక్కుకున్న ప్రయాణికులు కోటిమంది. వాళ్ళలో మా మేనకోడలొకతె. నాలుగురోజులు విమానాశ్రయంలో మడతమంచంమీద పడుకుంది. ఏం చేశావే అంటే, "పొద్దున్న ఆరింటికి లేచి జడ వేసుకునేదాన్ని అత్తా. ఎక్కడికీ వెళ్ళేది లేకపోయినా జడ మాత్రం రోజూ వేసుకున్నాను. అది మానేసుంటే ఏడ్చేదాన్ని" అంది. ఆ జడ ఆమె చేతిలోది గనక దక్కింది. కాఫీ యంత్రం నడిపేవాళ్ళు, నేల తుడిచేవాళ్ళు ఆ నాలుగురోజులూ ఇంటికి ఏ వేళకు వెళ్ళారో ఆమెకూ తెలియదు.

ఇంతకూ నేను చెబుతున్నది పద్నాలుగు గంటల ఆలస్యం సంగతి. 2020 మార్చిలో దేశమంతటా ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయినప్పుడు పిల్లల్ని భుజానికెత్తుకుని వందల మైళ్ళు నడిచినవాళ్ళున్నారు. దాన్ని దినచర్యకు భంగం అనడానికి నోరు రాదు. దాని పేరు వేరు.

నాలుగింటికి బస్సులొచ్చాయి. సామాను దింపుకోవడంలో అందరూ గడబిడ. సాయిబుగారు సంచి భుజాన వేసుకుని ముందే దిగి నిలబడ్డాడు. నర్సు అమ్మాయి తన డ్యూటీ పోయినందుకు ఎవరికో ఫోనులో సంజాయిషీ చెప్పుకుంటోంది. చంటిపిల్ల బస్సు కదలగానే నిద్రపోయింది.

ఆ భార్యాభర్తలు నా ముందు సీటులో కూర్చున్నారు. ఆవిడ కిటికీ పక్క. కొంతదూరం వెళ్ళాక ఆయన చొక్కాజేబులో చెయ్యి పెట్టి దేన్నో తడుముకుంటున్నారు. జేబు ఎత్తుగా వుంది. ఆవిడ చూసి, "అదేమిటండీ, పంచదార పొట్లం జేబులో వేసుకున్నారూ? నా సంచిలో వుంటుందిగా" అంది.

"వుండనీ."

"చీమలు పడతాయి."

"పడితే పడతాయి. నువ్వు పడుకో" అన్నారాయన.